రెండు దేశాల న్యాయవిద్య: వరంగల్ విద్యార్థి ముందుగా చూసుకోవలసినవి

ఇక్కడి న్యాయవిద్య ప్రవేశ పరీక్షలైన లాసెట్, క్లాట్‌లతో పాటు రెండు దేశాల చట్టాలను రెండు భాషల్లో బోధించే జంట డిగ్రీల వైపు కూడా చూసే విద్యార్థులు మన ప్రాంతంలోనూ ఉన్నారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ, పారిస్‌లోని పాంథియాన్-సోర్బాన్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే నాలుగేళ్ల కోర్సు ఇందుకు పేరున్న ఉదాహరణ. ఇందులో మొదటి రెండేళ్లు లండన్‌లో, తరువాతి రెండేళ్లు పారిస్‌లో చదవాలి.

దరఖాస్తు కంటే ముందు తేల్చుకోవలసింది వకాల్తా ఎక్కడ చేస్తారన్నది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమావళి ప్రకారం విదేశీ న్యాయపట్టాతో ఇక్కడ న్యాయవాదిగా పేరు నమోదు కావాలంటే, ఇంటర్ తరువాత నేరుగా చేరినవారు కనీసం ఐదేళ్లు, డిగ్రీ తరువాత చేరినవారు కనీసం మూడేళ్లు చదివి ఉండాలి. ఆ విశ్వవిద్యాలయానికి కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష కూడా గట్టెక్కాలి. అంటే ఇంటర్ తరువాత చేసిన నాలుగేళ్ల కోర్సు ఈ లెక్కకు ఒక ఏడాది తక్కువ. హనుమకొండ అదాలత్‌లో నల్లకోటు వేసుకోవాలన్నదే కోరికైతే, ముందు ఇక్కడే డిగ్రీ పూర్తిచేసి, ఆ మూడేళ్లలో ఫ్రెంచి నేర్చుకొని వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

రెండు చట్టాల తేడాను పుస్తకాల జాబితాతో కాక ఒక తగాదాతో పట్టుకోవాలి. ఎనుమాముల మార్కెట్లో ఒక వ్యాపారి కొనే ఉద్దేశమే లేకుండా మిర్చి బేరాన్ని సాగదీసి, రైతు ఇంకొకరికి అమ్ముకునే అదను పోయాక కాదన్నాడనుకుందాం. ఫ్రెంచి సివిల్ కోడ్‌లోని 1112వ అధికరణం బేరసారాలలో కూడా నిజాయితీని తప్పనిసరి చేస్తుంది కాబట్టి, ఆ రైతు నష్టపరిహారం అడగవచ్చు. ఇంగ్లండులో అటువంటి సాధారణ బాధ్యత లేదని 1992లో వాల్‌ఫర్డ్ వర్సెస్ మైల్స్ తీర్పు చెప్పింది. అక్కడ అబద్ధపు మాటలతో మోసగించాడని విడిగా రుజువు చేయవలసి ఉంటుంది. ఒకచోట అధికరణంతో మొదలుపెట్టి, మరొకచోట తీర్పుతో మొదలుపెట్టి ఇదే తగాదాకు రెండు జవాబులు రాయడం అలవాటు చేసుకోవాలి. ఫ్రెంచి పరీక్షల్లో వ్యాసాన్ని రెండు భాగాలుగా, ఒక్కో భాగాన్ని మళ్లీ రెండుగా విభజించి రాయమంటారు. ఆ చట్రం తప్పితే విషయం తెలిసినా మార్కులు పోతాయి.

భాష విషయంలో తొందర పనికిరాదు. ఇంటర్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకునే వీలున్నా, మార్కుల కోసం చాలామంది సంస్కృతం వైపే పోతారు. ఐరోపా భాషా ప్రమాణాల ప్రకారం ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో, న్యాయతరగతులు అర్థం కావాలంటే కనీసం నాలుగోదైన బీ2 స్థాయి, నిశ్చింతగా రాయాలంటే ఐదోదైన సీ1 స్థాయి కావాలి. ఫ్రెంచి నేర్పే సంస్థ అయిన హైదరాబాదులోని అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో తరగతులు, ఫ్రెంచి స్థాయిని ధ్రువీకరించే డెల్ఫ్ పరీక్షలు ఉంటాయి.

కాగితాల్లో చిక్కంతా ఇంటిపేరు దగ్గరే వస్తుంది. పదో తరగతి మెమోలో అది పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, జనన ధ్రువపత్రంలో అసలే లేకుండా ఉంటే ముందుగా సరిచేయించుకోవాలి. ఆ తరువాతే రాష్ట్ర ధ్రువీకరణకు, పత్రం విదేశాల్లో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్రకు పంపాలి. ముద్ర పడ్డాక పేరు మారితే పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఖర్చు విషయానికొస్తే, రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పీజీ చదువులకు ఉద్దేశించినది కనుక, ఇంటర్ తరువాత వెళ్లేవారు దానిని లెక్కలో వేసుకోకుండానే లండన్ రెండేళ్ల ఫీజుకు, పారిస్ రెండేళ్ల బతుకు ఖర్చుకు వేర్వేరుగా అంచనా వేసుకొని బ్యాంకుకు వెళ్లాలి.