ఇంటి లోపలి ఫొటోలు - 4వ పాఠం: ఒకే గదిలో రెండు రంగుల వెలుతురు

పోయిన పాఠంలో ట్రైపాడ్ నిలబెట్టి, గోడలు వాలకుండా ఫ్రేమ్ కట్టడం నేర్చుకున్నాం. ఈసారి తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఉన్న ఒక పాత మిద్దె ఇంటి హాలు తీద్దాం. ఉత్తరపు కిటికీ తెరిస్తే కొండ కనిపిస్తుంది. ఆ కొండ తెల్లబారిపోకూడదు, మూలనున్న చెక్క బీరువా చీకట్లో కలిసిపోకూడదు. ఒక్క షాట్‌లో ఈ రెండూ కుదరవు కాబట్టే హెచ్‌డీఆర్, అంటే ఒకే ఫ్రేమ్‌ను తక్కువ వెలుగు నుంచి ఎక్కువ వెలుగు దాకా చాలా షాట్లు తీసి ఒకటిగా కలపడం.

షాట్లు తీయడం పెద్ద పని కాదు. తంటా అంతా రంగుతోనే. కిటికీ పక్కన సున్నం గోడకు ఎదురుగా అరచెయ్యి పెట్టి చూడండి. రెండు నీడలు పడతాయి. కిటికీ వెలుతురు అందని నీడ పసుపుగా, బల్బు వెలుతురు అందని నీడ నీలంగా ఉంటుంది. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తక్కువైతే పసుపు, పెరిగేకొద్దీ నీలం. బల్బు వెలుతురు 2700 కెల్విన్ దగ్గర ఉంటే, తెల్లని ట్యూబ్‌లైటు 6500 దాకా ఉంటుంది. ఉత్తరపు ఆకాశం అంతకంటే నీలం. మన కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. షాట్లు కలిపితే వెలుగునీడల తేడా తగ్గుతుంది కానీ రంగు తేడా పోదు. పైగా కాంట్రాస్ట్ పెంచేకొద్దీ గోడ మీద మరకల్లా తేలుతుంది.

అందుకే కెమెరా ఆన్ చేసేముందు స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళండి. ఈ హాల్లో పెత్తనం కిటికీదే అని నా నిర్ణయం. ట్యూబ్‌లైట్లు ఆపేయండి. పూజగది బల్బు మాత్రం ఉంచండి. ఇత్తడి కుందుల మీద ఆ పసుపు లేకపోతే ఆ మూల బోసిపోతుంది. ఫ్యాను ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. కర్టెన్ ముడి వేయండి. కదిలినవన్నీ షాట్లు కలిపాక దయ్యాల్లా కనబడతాయి.

ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందన) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, రా ఫైలు (కెమెరా దిద్దని మూల ఫైలు). వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతురును తెలుపుగా చూపాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వద్దు, 5000 కెల్విన్ దగ్గర కట్టేయండి. మారేది షట్టర్ ఒక్కటే. ఎండపడిన కొండకు 1/400 సెకను సరిపోతుంది. అక్కడి నుంచి రెండేసి స్టాపుల చొప్పున (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు, రెండంటే నాలుగింతలు) 1/100, 1/25, 1/6, 0.6, 2.5 సెకన్లు. చివరి షాట్‌లో బీరువా అడుగున నీడ కూడా విడిగా తెలియాలి. తెలియకపోతే ఇంకొకటి తీయండి.

ట్యూబ్‌లైటు ఆపడానికి వీల్లేని చోట ఒక జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చోక్ ఉన్న పాత ట్యూబ్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కొన్ని ఎల్ఈడీలూ అంతే. 1/100 కంటే వేగంగా తీస్తే ఫొటోలో అడ్డచారలు రావచ్చు. ఆ వేగపు షాట్ల నుంచి కిటికీ భాగం మాత్రమే వాడుకోండి.

ఇప్పుడు ట్రైపాడ్‌కు చెయ్యి తగలకుండా పూజగది బల్బు కూడా ఆపించి, అవే ఆరు షాట్లు మళ్ళీ తీయండి. బల్బు పసుపు పాకిన గోడను ఈ రెండో సెట్ నుంచి తీసుకుంటాం. రెండు సెట్లూ వేర్వేరు ఫోల్డర్లలో పెట్టుకోండి. 5వ పాఠంలో వాటినే కంప్యూటర్‌లో తెరిచి కలుపుదాం.