విదేశంలో అద్దె ఇంటికి ఇక్కడి నుంచి డిపాజిట్: ఎక్కడ ఇరుక్కుంటారు, ఎలా బయటపడాలి

కూకట్‌పల్లిలో ఇల్లు అద్దెకు తీసుకోవడం మనకు పెద్ద పని కాదు. టు-లెట్ బోర్డు మీద నంబరుకి ఫోన్ చేస్తాం, వాచ్‌మన్ తాళం తీసి చూపిస్తాడు. నచ్చితే అక్కడే నిలబడి టోకెన్ కింద ఐదు వేలు ఫోన్‌పే కొడతాం. మిగతా అడ్వాన్సు సామాన్లు దించే రోజు, అగ్రిమెంటు తీరిగ్గా ఎప్పుడో. ఇల్లు కళ్లముందే ఉంది, ఓనరు పై అంతస్తులోనే ఉన్నాడు కాబట్టి ఇలా నడిచిపోతుంది. ఇదే అలవాటుతో లీడ్స్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్న గదికి డబ్బు పంపబోతేనే తిప్పలు.

నేను బ్యాంకులో ఫారెక్స్ కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు కూర్చుని రిటైరయ్యాను. జూలై, ఆగస్టు వచ్చిందంటే చాలు, పిల్లల్ని చదువులకి పంపేవాళ్లు ఫోన్ చేత్తో పట్టుకుని మా ఇంటికొస్తారు. వాళ్ల నోట ఎక్కువగా వినే మాటలే కింద పెట్టాను.

“ఓనరు వేరే దేశంలో ఉన్నాడట. డబ్బు వేస్తే తాళం కొరియర్ చేస్తాడట”

చుట్టుపక్కల అద్దెల కన్నా ఇది తక్కువ. ఫొటోలు హోటల్ గదిలా మెరిసిపోతుంటాయి. నమ్మకం కోసమని అడక్కుండానే పాస్‌పోర్టు కాపీ పంపుతాడు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోగా వేయాలంటాడు.

ఇది నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మోసం. ఫొటోలు ఇంకెవరో అమ్మకానికి పెట్టిన ఇంటివి, పాస్‌పోర్టు ఇంతకుముందు మోసపోయినవాళ్ళెవరిదో అయ్యుంటుంది. ముందు ఆ ఫొటోల్ని గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి. అదే వంటగది ఇంకో ఊరి పేరుతో కనిపించిందా, ఇక మాట్లాడే పని లేదు.

కనిపించకపోయినా లైవ్ వీడియో కాల్ అడగండి. ముందే తీసిన వీడియో పనికిరాదు. మా మూడో అంతస్తు అమ్మాయి మాంచెస్టర్‌లో గది కోసం ఇలాగే కాల్ పెట్టించింది. పక్కనే కూర్చుని నేను చెప్పినట్టు అడిగింది: వంటగది కుళాయి ఒకసారి తిప్పండి, ఇప్పుడు కిటికీ తెరిచి వీధి చూపించండి. కుళాయి దాకా వచ్చాడు. కిటికీ అనేసరికి నెట్‌వర్క్ బాలేదన్నాడు. తర్వాత ఫోనే ఎత్తలేదు. వీధి కనిపిస్తే గూగుల్ మ్యాప్స్‌లోని స్ట్రీట్ వ్యూతో పోల్చి చూడొచ్చని వాడికీ తెలుసు.

ఇంగ్లండ్‌లో ఇల్లయితే ఇంకో దారి ఉంది. అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీ సైటులో 7 పౌండ్లు కడితే ఆ చిరునామా ఎవరి పేరున ఉందో కాగితం వస్తుంది, ఆ పేరూ డబ్బు వేయమన్న ఖాతా పేరూ ఒకటేనా చూడండి. మన ఈసీ తీయించినట్టే అనుకోండి. ఏజెంటు ద్వారా తీసుకుంటే ఓనరు పేరుకీ ఖాతా పేరుకీ పొంతన ఉండదు. అప్పుడు ఖాతా ఆ ఏజెన్సీ పేరు మీదే ఉందా అన్నది చూడాలి.

డబ్బు వెళ్లిపోయాక అనుమానం వస్తే మొహమాటపడుతూ కూర్చోకండి. ముందు మీ బ్యాంకుకి ఫోన్ చేసి పంపిన డబ్బు వెనక్కి రప్పించమని రీకాల్ రిక్వెస్ట్ పెట్టించండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చేయండి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా కదలకుండా ఉంటేనే రీకాల్‌కి ఆశ. అందుకే గంటల లెక్క.

“మనవాళ్లే అంకుల్, ఇండియా అకౌంట్‌లో వేసెయ్యమంటున్నారు”

ఎక్కువ డబ్బు పోయేది పై రకం మోసంలో అనుకుంటారు. నేను చూసినంతలో గొడవలు ఎక్కువ ఇక్కడే. తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్: డల్లాస్ దగ్గర షేరింగ్ రూమ్ ఖాళీ, డిపాజిట్ ఇండియా నంబరుకి ఫోన్‌పే చేస్తే చాలు. ఆ నంబరు గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న వాళ్ల నాన్నగారిది. బ్యాంకు తిరగక్కర్లేదు, ఛార్జీలు లేవు, పైగా మనవాళ్లు. ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది.

గది ఇస్తున్న కుర్రాడు చాలాసార్లు మంచివాడే. తంటా అంతా కాగితంలో. అతను ఓనరు కాడు, లీజు తన పేరు మీదో పాత రూమ్మేట్ పేరు మీదో ఉంటుంది. వేరేవాళ్లని పెట్టుకోవడానికి ఓనరు ఒప్పుకున్నాడో లేదో మనకు తెలియదు. రేపు మీవాడు ఖాళీ చేస్తానంటే ఓనరు, “నాకు నువ్వెవరో తెలీదు, నీ డిపాజిట్ నా దగ్గర లేదు” అంటాడు. ఈలోపు ఆ కుర్రాడు ఉద్యోగమొచ్చి ఇంకో రాష్ట్రం పోయి ఉంటాడు. వాళ్ల నాన్నగారిని అడిగితే, “మా వాడు చెప్పాడని వేయించుకున్నాను, అంతే బాబూ” అంటారు. ఆయన అబద్ధమేమీ ఆడటం లేదు.

చట్టపరంగానూ ఇది సరైన దారి కాదు. విదేశంలో ఉన్నవాళ్లకి చేరాల్సిన సొమ్మును ఇక్కడ రూపాయల్లో సర్దుబాటు చేసుకోవడం విదేశీ మారకం మీద ఉన్న 1999 నాటి ఫెమా చట్టం ఒప్పుకోని పని.

చేయాల్సింది ఇది. లీజు కాపీలో ఎవరెవరి పేర్లున్నాయో అడిగి చూడండి. ఓనరు లేదా అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి, మీ పిల్లాడి పేరు లీజులో చేరుస్తామనో సబ్‌లీజుకి ఒప్పుకుంటున్నామనో ఒక్క ఈమెయిల్ తెప్పించుకోండి. డిపాజిట్ వాళ్ల ఖాతాకే పంపండి. పాత కుర్రాడు తన డిపాజిట్ వాళ్ల దగ్గరే తీసుకుంటాడు. అలా కుదరదంటే మొదటి రెండు వారాలకి మాత్రం ఏదో ఒక చోటు చూసుకుని, వెళ్లాక గది వెతుక్కోవడం మేలు. అది ఖరీదే. కానీ పోయిన డిపాజిట్ కన్నా తక్కువ.

“ఇంత డిపాజిట్ అడగొచ్చా?”

మన దగ్గర రెండు నెలలదా మూడు నెలలదా అన్నది ఓనరు మాట. చాలా దేశాల్లో దానికి చట్టం గీసిన గీత ఉంది, బేరమాడే ముందు అది తెలుసుకోండి.

ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి, ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపుంటే డిపాజిట్ 5 వారాల అద్దెకు మించకూడదు. గది మనకోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె. నెల అద్దెను నాలుగుతో భాగించి వారానిది తీస్తే తప్పు, 12తో గుణించి 52తో భాగించాలి. నెలకు 900 పౌండ్లంటే వారానికి 207.69, ఐదు వారాలకి 1,038.46. మీకు 1,125 అని బిల్లు వచ్చిందంటే ఎవరో నాలుగుతోనే భాగించారన్నమాట. ఆ 86 పౌండ్లు మర్యాదగా అడిగితే తగ్గిస్తారు.

అక్కడ గ్యారంటీ ఇచ్చేవాళ్లు లేరని మన పిల్లల్ని ఆరు నెలల అద్దె ముందే కట్టమనేవాళ్లు. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త ఒప్పందాలకి ఒక నెలకు మించి అలా అడగకూడదు. అయితే పెద్ద ప్రైవేటు స్టూడెంట్ హాస్టళ్లు చాలావరకు ఈ నియమం కిందికి రావు.

జర్మనీలో కావుట్సియోన్ అంటారు. కరెంటు, హీటింగు లాంటివి కలపని అసలు అద్దెకు మూడు నెలలదాకా తీసుకోవచ్చు. దాన్ని మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవాళ్లకి ఉంది, మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు. కెనడాలో ఒంటారియోకి వెళ్తే చివరి నెల అద్దె ముందుగా తీసుకోవచ్చు గానీ, ఇల్లు పాడైతే అంటూ డ్యామేజ్ డిపాజిట్ తీసుకోకూడదు. క్యూబెక్‌లో అసలు డిపాజిట్టే అడగకూడదు. అమెరికాలో ఏ రాష్ట్రం దారి ఆ రాష్ట్రానిది. న్యూయార్క్‌లో ఒక నెల, కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి మామూలుగా ఒక నెల, టెక్సస్‌లో హద్దే లేదు.

“బ్యాంకువాళ్లు ఫారం వెనక్కిచ్చారు”

ఒక్కోసారి కారణం చిన్నది: మీ వీధి చివర బ్రాంచిలో విదేశీ చెల్లింపులు చేయరు, ఆ సంగతి సరిగ్గా చెప్పకుండా రేపు రమ్మంటారు. ఫారెక్స్ చూసే బ్రాంచి ఏదో అడిగి నేరుగా అక్కడికే వెళ్లండి.

లేదంటే కాగితం చాలలేదు. విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పద్ధతి కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు, డిపాజిట్టుకి హద్దు సమస్య రాదు. అడిగేవి పాన్, విదేశానికి పంపేటప్పుడు నింపే ఏ2 ఫారం, డబ్బు దేనికో చూపించే కాగితం. “ఇంటికోసం” అని నోటితో చెబితే కౌంటర్‌లో ఉన్నవాడికి ఇల్లు కొంటున్నారేమో అన్న అనుమానం వస్తుంది, ఆ దారి వేరు. చదువుకి వెళ్తున్నారంటే విదేశీ చదువు కింద, వసతి ఖర్చని రాయించండి. అడ్మిషన్ లెటర్, అద్దె ఒప్పందం, డిపాజిట్ మొత్తమూ ఖాతా వివరాలూ ఉన్న ఇన్‌వాయిస్ జతచేయండి. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఇన్‌వాయిస్ కాదు.

టీసీఎస్, అంటే విదేశానికి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, పట్టుకున్నారని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. డిపాజిట్ ఒక్కదానికే అది పడదు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో పంపింది 10 లక్షలు దాటితేనే, దాటిన భాగం మీదే. అదే పాన్ మీద ఫీజు అప్పటికే వెళ్లి ఉంటుంది, డిపాజిట్ దాన్ని గీత దాటిస్తుంది. అమ్మ పేరున పాన్, ఖాతా, డబ్బు ఉంటే ఆవిడ ఖాతా నుంచి పంపొచ్చు, ఎవరి లెక్క వాళ్లదే. పట్టుకున్నా పోదు, రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటవుతుంది.

“వెయ్యి పంపితే తొమ్మిది వందల ఎనభై చేరిందట”

మధ్యలో ఉన్న బ్యాంకు తన కూలి తీసుకుంది. ఫారంలో ఛార్జీలు ఎవరివి అనే గడి ఉంటుంది. అక్కడ ‘షేర్డ్’ అని ఉంటే దారిలో కోత పడుతుంది, ‘అవర్’ అని పెడితే ఛార్జీలన్నీ ఇక్కడే మీరు కడతారు. డిపాజిట్ 20 తక్కువైనా అది పూర్తికాలేదనే అంటారు, అందుకే అవర్ పెట్టండి. అమెరికాకి అవర్ పెట్టినా ఒక్కోసారి కోత తప్పదు, కాస్త ఎక్కువ పంపి అద్దెలో సర్దుకోమనండి.

“పంపి నాలుగు రోజులైంది, రాలేదంటున్నారు”

బ్యాంకును స్విఫ్ట్ కాపీ అడగండి, ఎంటీ103 అంటే వెంటనే అర్థమవుతుంది. అందులో యూఈటీఆర్ అనే పొడుగాటి నంబరు ఉంటుంది. దాంతో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్రాంచివాళ్లు చూడగలరు. ఆ కాపీ ఓనరుకి పంపితే అతనికీ నమ్మకం.

ఆగడానికి మొదటి కారణం సెలవులు. ఆగస్టు చివరి సోమవారం ఇంగ్లండ్‌లో బ్యాంకు సెలవు. సరిగ్గా మన పిల్లలు బయల్దేరే రోజులు, ఇక్కడ వినాయక చవితి హడావుడి. శుక్రవారం మధ్యాహ్నం ఇచ్చిన ఫారం అలా మంగళవారానికి చేరుతుంది.

రెండోది అంకెలు. ఐబాన్ అంటే అంతర్జాతీయ ఖాతా నంబరు. బ్రిటన్ ఐబాన్‌లో 22 గుర్తులుంటాయి, దాన్ని విడగొట్టి చదవొచ్చు. మొదట దేశం రెండక్షరాలు, రెండు సరిచూపు అంకెలు, బ్యాంకు నాలుగక్షరాలు, తర్వాత బ్రాంచిని చూపే ఆరు అంకెల సార్ట్ కోడ్, చివర ఎనిమిది అంకెల ఖాతా నంబరు. ఇన్‌వాయిస్‌లో సార్ట్ కోడ్, ఖాతా నంబరు విడిగా ఉంటే వాటిని ఐబాన్ తోకతో పెన్ను పెట్టి సరిచూడండి. తేడా వస్తే పంపకండి, ఏజెన్సీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగండి. మన మధ్యాహ్నం ఒకటిన్నరకి అక్కడ వేసవిలో ఉదయం తొమ్మిది. అమెరికాకి ఐబాన్ ఉండదు, స్విఫ్ట్ కోడ్, తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు, ఖాతా నంబరు కావాలి.

మూడో కారణంలో నేనే పడ్డాను. జీవితమంతా ఇతరుల ఫారాలు దిద్దినవాణ్ణి, మా అబ్బాయి డిపాజిట్ పంపేటప్పుడు రెఫరెన్స్ గడి ఖాళీగా వదిలేశాను. డబ్బు రెండో రోజే చేరింది. అది ఎవరి గదికో తెలియక ఏజెన్సీవాళ్లు పక్కన పెట్టుకున్నారు. పంపింది నా పేరుతో, ఒప్పందం వాడి పేరుతో. ఆరు రోజులు ఇంట్లో టెన్షన్, మా ఆవిడ మాటలు సరేసరి. ఆ గడిలో విద్యార్థి పేరు, ఇంటి నంబరు రాయించండి.

చిన్నవి రెండు

కార్డు డిక్లైన్ అవుతోందంటే చాలాసార్లు డబ్బులేక కాదు. 2020 నుంచి మన కార్డులకి విదేశీ వాడకం మొదట్లో ఆపే ఉంటుంది, యాప్‌లో ఆన్ చేసుకోవాలి.

జర్మనీ వీసా కోసం ఖర్చుల సొమ్ము చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేశాం, అందులోంచి డిపాజిట్ కట్టేద్దామంటే కుదరదు. అది అక్కడికి చేరి ఖాతా తెరిచాక నెలకు 992 చొప్పునే చేతికొస్తుంది. డిపాజిట్ డబ్బు విడిగా చూసుకోవాలి.

“వీసా రాకపోతే డిపాజిట్ పోయినట్టేనా?”

సంతకం చేసిన ఒప్పందంలో ఏముందో అదే. బ్రిటన్ స్టూడెంట్ హాస్టళ్లు చాలావాటిలో వీసా రాకపోతే డబ్బు వాపసిచ్చే పద్ధతి ఉంది, కానీ తిరస్కరణ లేఖ ఇన్ని రోజుల్లోపు పంపాలనే గడువు ఉంటుంది. ఆ గడువు క్యాలెండర్‌లో రాసుకోండి. ప్రైవేటు ఓనరైతే డబ్బు పంపకముందే ఆ షరతు రాయించుకోవాలి. వాపసు వచ్చినా ఆనాటి రేటుకే, కొంత తగ్గుతుంది.

“కట్టేశాం, రసీదు మాత్రం రాలేదు”

ఇంగ్లండ్‌లో డిపాజిట్ అందిన 30 రోజుల్లో దాన్ని ప్రభుత్వం గుర్తించిన మూడు స్కీముల్లో ఒకదానిలో భద్రపరిచి, వివరాలు ఇవ్వాలి. అవి డీపీఎస్, మైడిపాజిట్స్, టీడీఎస్. ఈ టీడీఎస్ మన జీతంలో కోసేది కాదు. ఆ మూడు సైటుల్లోనూ మీ డిపాజిట్ ఉందో లేదో వెతికి చూసుకోవచ్చు. భద్రపరచకపోతే కోర్టు డిపాజిట్‌కి ఒకటి నుంచి మూడు రెట్లు ఓనరు చేత కట్టించగలదు. ఓనరు ఇంట్లోనే ఒక గదిలో ఉంటే మాత్రం ఇది వర్తించదు.

చాలామంది తండ్రులకు తెలియని సంగతి ఒకటుంది. పిల్లలతో అనుకుని వాళ్ల తరఫున డిపాజిట్ మీరు కడితే, ఆ వివరాలు మీకూ ఇవ్వాలని అక్కడి చట్టం. డబ్బు పంపే రోజే ఏజెన్సీకి ఒక ఈమెయిల్ పెట్టండి: చెల్లిస్తున్నది ఫలానా, విద్యార్థికి తండ్రిని, డిపాజిట్ సర్టిఫికెట్ కాపీ ఈ చిరునామాకు కూడా పంపగలరు. మా అబ్బాయి విషయంలో నేను అలాగే చేశాను. ఇరవై మూడో రోజు ఉదయం కాఫీ తాగుతుంటే వచ్చింది, ప్రింటు తీయించి ఇంటి పన్ను రసీదుల ఫైల్లో పెట్టాను.