బ్యాంకు ఉద్యోగి సూచించిన పెట్టుబడిని పరీక్షించే పద్ధతి

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం, ఓడరేవు, నావల్ డాక్‌యార్డు, రైల్వే వంటి సంస్థలలో జీవితకాలం పనిచేసి పదవీ విరమణ పొందిన వ్యక్తి ఖాతాలో పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు కొద్ది రోజుల తేడాతో జమ అవుతాయి. ఆ సంగతి పిల్లల కంటే ముందు బ్యాంకు శాఖకు తెలుస్తుంది కనుక, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలన్న మొదటి సలహా కూడా చాలా ఇళ్లలో బ్యాంకు మనిషి నోటి నుంచే వస్తుంది. ఆ సలహాలలో ఎక్కువ భాగం మంచివే. కానీ అది బ్యాంకు ఇస్తున్న సలహానా, లేక బ్యాంకులో పనిచేసే ఒక వ్యక్తి తన సొంతంగా ఇస్తున్న సలహానా అన్నది విడదీసి చూసే అలవాటు మనలో తక్కువ. బ్యాంకు ఉద్యోగం చేసి దిగినవాడిగా, ఆ విడదీసి చూడటం ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక సహోద్యోగి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి వ్యవహారం సాధారణంగా దుర్మార్గుడితో మొదలవదు. అతను గుమాస్తాగా చేరి, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు ప్యాసై, ఆఫీసరై, చివరకు నగరంలోనే ఒక శాఖకు మేనేజరయ్యాడు. నవంబరులో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల కోసం మెట్లెక్కలేనివారి ఇళ్లకు తానే వెళ్లేవాడు. ఒక రియల్ ఎస్టేట్ సంస్థ నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తానంటే మొదట తన డబ్బే పెట్టాడు, తరువాత బావమరిది చేత పెట్టించాడు, ఆ తరువాత ఖాతాదారుల చేత పెట్టించి కమీషను తీసుకున్నాడు. సంస్థ చెల్లింపులు ఆపినప్పుడు ఆ మాట ఖాతాదారులకు చెప్పలేక, భార్య నగలు కుదువపెట్టి కొన్ని నెలలు వాళ్లకు తానే వడ్డీ కట్టాడు. నా దృష్టిలో అతను మోసపోయినవాడి స్థితి దాటి మోసం చేసినవాడుగా మారింది ఆ నెలలలోనే. ఎందుకంటే, ఆ వడ్డీ అందుతోందన్న ధైర్యంతోనే మరికొందరు కొత్తగా డబ్బు పెట్టారు. సస్పెన్షను, కేసు, అన్నీ తరువాత వచ్చాయి.

కూర్మన్నపాలెంలో ఆ ఖాతాదారులలో ఒకాయన నాకు తన రశీదు చూపించారు. మందపాటి కాగితం మీద సంస్థ పేరు, గుండ్రటి ముద్ర, కింద గీత లాంటి సంతకం ఉన్నాయి. దానికి గుండుసూదితో మా సహోద్యోగి బ్యాంకు విజిటింగ్ కార్డు గుచ్చి ఉంది. ఆయన మాట్లాడినంతసేపూ వేలు ఆ కార్డు మీదే ఉంచారు గానీ, రశీదు మీద ఒక్కసారి కూడా పెట్టలేదు. ఆయన పది లక్షలు ఇచ్చింది ఆ కార్డును నమ్మి. కార్డు తీసేసి చూస్తే మిగిలిన కాగితానికి పదివేలైనా ఇచ్చేవారా అన్నదే ప్రతి ఒక్కరూ తమను తాము వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

ఇక మొదటి పరీక్ష, లెక్క. ఎవరు ఏ ఆదాయం చెప్పినా దానిని మన రూపాయల వడ్డీలోకి మార్చుకోండి. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. 60 ఏళ్లు దాటినవారు 30 లక్షల వరకు పెట్టుకోగలిగిన సీనియర్ సిటిజన్ పొదుపు పథకానికి ప్రభుత్వం 2023 ఏప్రిల్ నుంచి ఇస్తూ వచ్చిన రేటు 8.2 శాతం, అంటే సుమారు 68 పైసలు. బ్యాంకు డిపాజిట్లు సాధారణంగా అంతకంటే కొంత తక్కువే ఉంటాయి. ఇక్కడ మూడు రూపాయలు ఇస్తానన్న మనిషి ప్రభుత్వం ఇచ్చేదానికి నాలుగు రెట్లకు పైగా, అదీ 'గ్యారంటీగా' ఇస్తానంటున్నాడన్నమాట. బయట అప్పు ఇచ్చే షావుకారు కూడా ఆ వడ్డీకి తాకట్టు అడుగుతాడు. మనం మాత్రం తాకట్టు అడగకుండా ఇస్తాం.

'నాకు నెలనెలా తప్పకుండా వస్తోంది కదా' అనే వాదన అన్నింటికంటే ప్రమాదకరమైనది. పది లక్షలు తీసుకున్న వ్యక్తి నెలకు ముప్పై వేల చొప్పున ఇస్తే, ఎక్కడా పైసా సంపాదించకుండా, కొత్తగా ఒక్కరినీ చేర్చుకోకుండా, మీ డబ్బునే మీకు 33 నెలలపాటు తిరిగి ఇవ్వగలడు. కొత్తవారు చేరుతుంటే ఇంకా ఎక్కువ కాలం నడపగలడు. కనుక రెండేళ్లు సక్రమంగా వడ్డీ అందడం వ్యాపారం ఉందనడానికి రుజువు కాదు. ఈ తరహా మోసానికి తన పేరే ఇచ్చిన చార్లెస్ పోంజీ కూడా బ్యాంకు కౌంటరు నుంచే వచ్చాడు. 1907లో కెనడాలోని మాంట్రియల్ చేరి, ఇటలీ వలస కార్మికుల డిపాజిట్లు తీసుకునే జరోసీ బ్యాంకులో పనికి కుదిరాడు. ఇతర బ్యాంకులకు రెట్టింపుగా ఆరు శాతం వడ్డీ ఇచ్చిన ఆ బ్యాంకు, కొత్త డిపాజిట్ల నుంచి పాత వడ్డీలు కడుతూ చివరకు మునిగింది, యజమాని మెక్సికోకు పారిపోయాడు. పోంజీ 1920లో బోస్టన్‌లో 45 రోజులకు 50 శాతం లాభమంటూ తెరిచిన దుకాణం ఆగస్టు నాటికి కూలిపోయింది. లెక్కల కిటుకు అతను మాంట్రియల్‌లో చూసినదే.

రెండవ పరీక్ష డబ్బు వెళ్లే దారి. చెక్కు మీద ఎవరి పేరు రాయమంటున్నారు, ఆన్‌లైన్‌లో ఎవరి ఖాతాకు పంపమంటున్నారు అన్నది చూడండి. బ్యాంకు డిపాజిట్ అయితే అది మీ పేరిట, మీ కస్టమర్ ఐడీ కింద తెరుచుకోవాలి, బ్యాంకు యాప్‌లో గానీ పాస్‌బుక్‌లో గానీ మరునాటికి కనిపించాలి. మేనేజరు సొంత ఖాతా, అతని బంధువు ఖాతా, మీరెన్నడూ వినని ఒక ట్రేడర్స్ పేరిట ఉన్న కరెంట్ ఖాతా చెప్పారంటే మాట అక్కడితో ఆపేయాలి. 2010 డిసెంబరులో వెలుగుచూసిన గుర్గావ్ సిటీబ్యాంకు ఉదంతం దీనికి సరైన ఉదాహరణ. అక్కడి ఒక రిలేషన్‌షిప్ మేనేజర్, బ్యాంకుకు అధిక లాభాల పథకం నడిపే అనుమతి ఉందంటూ షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ పేరిట నకిలీ పత్రం చూపి, సంపన్న ఖాతాదారుల డబ్బును తన కుటుంబసభ్యుల పేరిట ఉన్న ఖాతాలలోకి మళ్లించి షేర్ మార్కెట్లో పెట్టాడన్నది కేసు. మొత్తం వందల కోట్లలో ఉంది. వారిలో ఒక్కరు అదే బ్యాంకులో మరో అధికారిని అడిగినా, ఆ పథకం బ్యాంకు జాబితాలో లేదని తేలేది.

కాగితాన్ని కాగితం తెచ్చినవాడి చేతనే ధ్రువీకరింపజేసుకోకూడదు. ఈ పాఠం తెలుగువారికి 2009 జనవరి 7నే అందింది. సత్యం కంప్యూటర్స్ పుస్తకాలలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేవని దాని ఛైర్మనే ఆ రోజు లేఖలో ఒప్పుకున్నారు. అంత పెద్ద సంస్థ విషయంలోనే లేని నిల్వలు అంతకాలం ఉన్నట్టు చెలామణి అయినప్పుడు, మన హాల్లో టీపాయ్ మీద పెట్టిన రశీదును నేరుగా శాఖకు వెళ్లి, అది తెచ్చిన వ్యక్తి లేని సమయంలో, మరో అధికారికి చూపించి అడగడం అమర్యాద కాదు. నిజమైన డిపాజిట్ అయితే అయిదు నిమిషాల పని.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఎన్నడూ సెలవు పెట్టని మేనేజరును ఖాతాదారులు మెచ్చుకుంటారు గానీ, రిజర్వ్ బ్యాంకు మాత్రం కీలక స్థానాలలోని ఉద్యోగులను ఏటా కనీసం పది పనిదినాలు వరుసగా, అదీ ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని బ్యాంకులను ఆదేశించింది. సీటులో మరొకరు కూర్చుంటేనే కొన్ని సంగతులు బయటపడతాయి.

మూడవది అనుమతి. సంస్థ నమోదు పత్రం, జీఎస్టీ నంబరు, పాన్ కార్డు చూపి 'అన్నీ పక్కా' అంటారు. వాటిలో ఏదీ ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునే హక్కు ఇవ్వదు. షేర్ల సలహా అయితే సెబీ నమోదు సంఖ్య, చిట్టీ అయితే ఆ గ్రూపుకు విడిగా రిజిస్ట్రార్ ఇచ్చిన అనుమతి, ఫైనాన్స్ సంస్థ అయితే డిపాజిట్లు తీసుకునే అర్హత ఉన్నట్టు రిజర్వ్ బ్యాంకు జాబితా, ఇవి అడగాలి. రిజర్వ్ బ్యాంకు నడిపే 'సచేత్' పోర్టల్‌లో సంస్థ పేరు వెతకవచ్చు, ఫిర్యాదు కూడా చేయవచ్చు. స్థలం ఇస్తాం లేదా డబ్బిస్తాం అనే పథకాలను మరింత అనుమానంతో చూడాలి. మన రాష్ట్రంతో సహా పలు రాష్ట్రాలలో అగ్రిగోల్డ్ వ్యవహారంలో చిక్కుకున్నవారు సుమారు 32 లక్షల మంది. వారి చేతిలోనూ బాండ్లు, రశీదులు ఉండేవి.

సంతకాల విషయంలో మొహమాటం పనికిరాదు. ఖాళీ చెక్కులు, ముందే సంతకం చేసిన విత్‌డ్రాయల్ ఫారాలు ఎవరి దగ్గరా, ఎంత నమ్మకస్తుడి దగ్గరైనా ఉంచకండి. ఖాతాకు ముడిపెట్టిన మొబైల్ నంబరు మీదేనా అన్నది మూడు నెలలకోసారి చూసుకోండి, ఎందుకంటే మెసేజ్‌లు ఆగిపోయిన ఖాతాలోనే చేతివాటం సులువు. బ్యాంకు మునిగితే వచ్చే డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదు లక్షల వరకే అన్నదీ, అది బయటి పథకాలకు అసలు వర్తించదన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కౌంటరుకు అవతలివైపు ఉన్నవారికి. మీ బ్యాంకు అమ్మని పథకాన్ని ఖాతాదారుకు సూచించకండి. మీరు పెట్టినదైనా సరే, మీ అన్నగారు పెట్టినదైనా సరే. 2019లో వచ్చిన అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ప్రకారం అనుమతి లేని డిపాజిట్లు అడగడమే నేరం, శిక్ష ఏడాది నుంచి అయిదేళ్ల వరకు. బ్యాంకరు హోదాలో అప్పగించిన సొమ్మును కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. ఇప్పటికే ఒకరిద్దరికి చెప్పి ఉంటే, సొంత డబ్బుతో వడ్డీ కట్టడం మొదలుపెట్టకముందే పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, ఒక న్యాయవాదిని కలవండి. మా సహోద్యోగికి ఆ అవకాశం నాలుగైదు నెలలు ఉండింది.

డబ్బు పెట్టేసినవారు చేయవలసింది ఆలస్యం చేయకుండా చేయాలి. చెల్లింపు ఆగిన వెంటనే 'అసలును మరో ఏడాదికి తిరగరాస్తాం, అర శాతం ఎక్కువిస్తాం' అంటారు. కొత్త కాగితం మీద సంతకం చేసి పాత రశీదు వెనక్కి ఇవ్వకండి. రశీదులు, చెక్కుల నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకచోట చేర్చండి. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోనును మార్చకండి, రీసెట్ చేయకండి. డబ్బు ఆన్‌లైన్‌లో ఈ మధ్యనే వెళ్లి ఉంటే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో నిలిచి ఉంటే స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. బ్యాంకు ఉద్యోగి ప్రమేయం ఉంటే శాఖకు, ప్రాంతీయ కార్యాలయానికి లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపోకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. పోలీసు ఫిర్యాదును దీనితో ముడిపెట్టి ఆపకండి, అది వేరే దారి. తేదీలవారీగా ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, ఎంత ఇచ్చారు అన్నది రెండు పేజీలలో తెలుగులోనే రాసి ఇవ్వండి. మీతోపాటు నష్టపోయిన ఇరుగుపొరుగును కలుపుకొని వెళ్తే దర్యాప్తు అధికారికి లావాదేవీల గొలుసు తొందరగా అర్థమవుతుంది.

ఫిర్యాదు అయిన తరువాత కొన్ని నెలలకు ఇంకో ఫోను వస్తుంది. నష్టపోయినవారి జాబితా చేతులు మారుతుంది కనుక, మీ రశీదు నంబరు, మొత్తం కూడా సరిగ్గా చెప్పి, 'కోర్టు నుంచి మీ డబ్బు మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పన్నెండు వేలు పంపండి' అంటారు. కూర్మన్నపాలెం పెద్దాయనకూ అలాగే వచ్చింది. ఆయన పంపలేదు. ఆ నంబరు కాగితం మీద రాసుకుని, మరునాడు ఉదయం దర్యాప్తు అధికారికి ఇచ్చి వచ్చారు.