రెండు టెలికాం కంపెనీలు కలుస్తామంటే ప్రభుత్వం అడ్డుకోవాలా: తూచి చూసుకునే పద్ధతి

పెద్ద మొబైల్ కంపెనీలు రెండు విలీనం కాబోతున్నాయని వార్త రాగానే, రేట్లు పెరుగుతాయని కొందరూ సిగ్నల్ బాగుపడుతుందని కొందరూ వాదించుకుంటారు. రెండు మాటల్లోనూ నిజముండవచ్చు గనుక, ప్రభుత్వం అడ్డుపడాలా వద్దా అన్నది ఆ వాదనతో తేలదు. మీ అంతట మీరు తూచుకోవడానికి ఒక కాగితం, ఒక కాలిక్యులేటర్, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా విడుదల చేసే చందాదారుల పట్టిక ఉంటే చాలు.

ముందుగా దేశం మొత్తం లెక్కను పక్కన పెట్టి మీ సర్కిల్ (టెలికాం సేవల కోసం దేశాన్ని విభజించిన ప్రాంతాల్లో మీది) వరుసను చూడండి. స్పెక్ట్రం, అంటే సిగ్నల్‌ను మోసే రేడియో తరంగాలను, సర్కిల్ వారీగా కేటాయిస్తారు కాబట్టి పోటీ ఉందా లేదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. హైదరాబాద్‌లో ఉండేవారు తెలంగాణ అన్న పేరు కోసం వెతకనక్కరలేదు. రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా టెలికాం లెక్కల్లో మనమింకా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉన్నాం. మొత్తం చందాదారుల కంటే, నిజంగా వాడుకలో ఉన్న కనెక్షన్ల సంఖ్యను తీసుకోవడం మేలు, ఎందుకంటే రీఛార్జ్ లేకుండా డ్రాయర్‌లో పడి ఉన్న రెండో సిమ్ కూడా మొత్తంలో కలిసిపోతుంది.

ఆ తర్వాత ఒక్కో కంపెనీ వాటా శాతాన్ని దానితోనే గుణించి, వచ్చినవన్నీ కూడండి. తలా 25 శాతం ఉన్న నాలుగు కంపెనీలుంటే మొత్తం 2,500 వస్తుంది. వాటిలో రెండు కలిస్తే 3,750 అవుతుంది. అమెరికా 2023లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం విలీనం తర్వాత ఈ సంఖ్య 1,800 దాటి, పెరుగుదల 100కు మించితే ఆ విలీనాన్ని అనుమానించవలసిందే. మన దగ్గర ఉన్నవే జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా, బీఎస్ఎన్ఎల్ కాబట్టి పెద్దవాటిలో ఏ రెండు కలిసినా ఆ గీత దాటిపోతుంది. అందువల్ల ఈ లెక్క గట్టిగా విచారించాలని మాత్రమే చెబుతుంది, తీర్పు చెప్పదు. మన టెలికాం శాఖ 2014 నిబంధనల్లో, విలీనమైన కంపెనీ వాటా ఒక సర్కిల్‌లో 50 శాతం దాటితే ఏడాదిలోగా తగ్గించుకోవాలని పెట్టింది.

ఇక అసలు ప్రశ్న, నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే: విలీనం జరగకపోతే చిన్న కంపెనీ ఏమవుతుంది? 2011లో ఏటీ అండ్ టీ సంస్థ టీ-మొబైల్ యూఎస్ఏను 39 బిలియన్ డాలర్లకు కొంటానంటే అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది, డిసెంబరులో బేరం రద్దయింది. పైగా, రద్దయినందుకు ఏటీ అండ్ టీ 3 బిలియన్ డాలర్ల నగదు, కొంత స్పెక్ట్రం ఇచ్చుకోవలసి వచ్చింది. ఒంటరిగా మిగిలిన టీ-మొబైల్ చతికిలపడలేదు సరికదా, 2013లో రెండేళ్ల కాంట్రాక్టులను ఎత్తేసి మిగతావారూ దారి మార్చుకునేలా చేసింది. తన కాళ్ల మీద నిలబడగలిగిన కంపెనీని, అందులోనూ ధరల్లో పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టే కంపెనీని మింగేసే విలీనాన్ని అడ్డుకోవలసిందేనని నేను దీన్నిబట్టే అంటాను.

మునిగిపోతున్న కంపెనీ సంగతి వేరు. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ మూతపడే రోజుల్లో చిక్కడపల్లిలో మా రీఛార్జ్ దుకాణం ముందు జనం గుమిగూడారు; 1900కు పోర్ట్ మెసేజ్ పంపుదామంటే ఆ సిమ్‌లో అంతకు సరిపడా సిగ్నల్ కూడా లేదు. "సందు చివరికి వెళ్లి ఫోన్ పైకెత్తి పట్టుకోండి సార్, ఒక్క గీత వస్తే చాలు, పోతుంది" అని దుకాణదారు ఒక్కొక్కరినీ పంపిస్తున్నాడు. అలాంటి కంపెనీని విలీనం కానివ్వకుండా ఆపితే కాపాడినట్టు కాదు, వినియోగదారులను నడిరోడ్డు మీద వదిలినట్టు. అయితే మునిగిపోతున్నామన్న మాటను ఊరికే నమ్మకండి; మూడు నాలుగేళ్ల ఖాతాలు, అప్పులు, వేరే కొనుగోలుదారు కోసం వెతికారా లేదా అన్నది చూడండి.

రెండు బలహీనతలు కలిస్తే బలం వస్తుందన్న వాదననూ పరీక్షించాలి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్ ఇండియా, ఐడియా కలిసినప్పుడు చందాదారులు 40 కోట్లకు పైమాటే. ఏడేళ్లు తిరిగేసరికి సుమారు సగం మంది మిగిలారు. జియోతో ధరల పోరు, 2019 అక్టోబరులో ఏజీఆర్ బకాయిలపై (ఆదాయంలో ప్రభుత్వానికి కట్టవలసిన వాటాపై) వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు కలిసి దాన్ని కుంగదీశాయి. 2025లో బకాయిలను షేర్లుగా మార్చుకోవడంతో అందులో కేంద్రానికి దాదాపు 49 శాతం వాటా వచ్చింది. అంపైరే ఒక జట్టులో వాటాదారుగా ఉన్న ఆట ఇది. ఇకపై ఏ విలీనానికి అనుమతిచ్చినా, నిరాకరించినా ఈ సంగతి మనసులో ఉంచుకుని చదవాలి.

నెట్‌వర్క్ మెరుగవుతుందన్న హామీ పూర్తిగా బూటకం కాదు. రెండు కంపెనీల స్పెక్ట్రం ఒకచోట చేరితే అదే టవర్ నుంచి ఎక్కువ డేటా పంపవచ్చు. అయితే టవర్లను ఇప్పటికే పంచుకుంటున్నారు, స్పెక్ట్రం పంచుకోవడానికీ అమ్ముకోవడానికీ 2015 నుంచే వీలుంది. విలీనం లేకుండానే దొరికే లాభాన్ని విలీనం ఖాతాలో వేయకండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సిగ్నల్ లేకపోవడానికి కాంక్రీటు కారణమైతే, కంపెనీలు కలిసినంత మాత్రాన అది తీరదు.

ధరల హామీలను మరింత జాగ్రత్తగా చూడాలి. 2024 జులైలో మన ప్రైవేటు కంపెనీలు మూడూ రెండు రోజుల తేడాలో రేట్లు పెంచాయి. అప్పుడు బీఎస్ఎన్ఎల్ వైపు జనం కదిలారంటే, వెళ్లడానికి ఇంకో గుమ్మం ఉండబట్టే. 1990లలో సర్కిల్‌కు రెండేసి ప్రైవేటు కంపెనీలే ఉండేవి, మనకు జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్. రద్దీ వేళల్లో నిమిషానికి పదహారు రూపాయల పైచిలుకు, వచ్చే కాల్‌కూ డబ్బే. అమెరికాలో 2020లో టీ-మొబైల్, స్ప్రింట్ విలీనానికి అనుమతిస్తూ శాటిలైట్ టీవీ కంపెనీ డిష్‌ను నాలుగో మొబైల్ కంపెనీగా నిలబెట్టాలనుకున్నారు. 2025లో దాని మాతృసంస్థ ఎకోస్టార్ స్పెక్ట్రంలో కొంత భాగాన్ని ఏటీ అండ్ టీకి సుమారు 23 బిలియన్ డాలర్లకు అమ్మడానికి ఒప్పుకుంది. కాగితం మీద పోటీదారును పుట్టించడం ఎంత కష్టమో దీనితో తెలుస్తుంది. ఎన్ని టవర్లు, ఎంత పెట్టుబడి, ఏ తేదీలోగా అన్న షరతులను కొలిచి చూడవచ్చు. ధర పెంచబోమన్న షరతుకు మాత్రం గడువు తీరే రోజొకటి ఉంటుంది.

ఈ లెక్కంతా చేశాక విలీనం తగదనిపిస్తే దాన్ని చెప్పుకునే చోటు కాంపిటీషన్ కమిషన్. పోటీకి నష్టమని కమిషన్‌కు ప్రాథమికంగా అనిపించిన సందర్భాల్లో, పోటీ చట్టం 29వ సెక్షన్ కింద వివరాలను ప్రచురింపజేసి, ప్రభావితులయ్యేవారి నుంచి రాతపూర్వక అభ్యంతరాలు అడగవచ్చు. మొత్తం పరిశీలన 150 రోజుల్లో ముగియాలి, అభ్యంతరాలకిచ్చే గడువు అందులో కొద్ది రోజులే, కాబట్టి లెక్కలు ముందే సిద్ధం చేసుకోండి. ఒక్క పేజీ చాలు: మీ సర్కిల్ పేరు, విలీనానికి ముందూ తర్వాతా వచ్చిన సంఖ్యలు, చిన్న కంపెనీ నిలబడగలదనడానికి ఆధారం, ఒకవేళ అనుమతిస్తే ఎంత స్పెక్ట్రం వెనక్కి ఇప్పించాలన్న మీ కోరిక.