అమ్మానాన్నలు అమెరికా విమానం ఎక్కేముందు: చిన్నపేగులో సంచులు ఉన్నవాళ్ళకి జాగ్రత్తలు

మా అమ్మ వచ్చే నెల ఆరు నెలలకి తమ్ముడి దగ్గరికి డల్లాస్ వెళ్తోంది, అందరిళ్ళల్లోలాగే మా ఇంట్లో కూడా ఆవకాయ ప్యాకింగు, కందిపొడి, సూట్‌కేసు తూకాలు మొదలైపోయాయి, కానీ ఈసారి వీటన్నిటికన్నా ముందు నేను కూర్చుని చేసిన పని అమ్మ పేగుల గురించి ఒక కాగితం రాయడం. అమ్మకి జెజునల్ డైవర్టికులోసిస్ ఉంది, అంటే చిన్నపేగు మధ్యభాగం గోడలోంచి బయటికి ఉబ్బిన సంచులు. ఇలాంటివాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ఈ సంచుల్నే డైవర్టికులా అంటారు, చాలామందికి పెద్దపేగువే తెలుసు. చిన్నపేగులో కూడా వస్తాయి, ఎక్కువగా డుయోడినంలో, అంటే పొట్ట దాటగానే ఉండే మొదటి ముక్కలో, దాని తర్వాత జెజునంలో. పేగు గోడలోకి రక్తనాళాలు దూరే చోట కండ కొంచెం బలహీనంగా ఉంటుంది, వయసు మీద పడేకొద్దీ లోపలి ఒత్తిడికి అక్కడ్నుంచి పొర బయటికి తోసుకొస్తుంది. చాలామందికి జీవితాంతం ఏమీ కాదు, వేరే దేనికో సీటీ తీస్తే కనపడతాయి, అలా కనపడినవాటిని ముట్టుకోకూడదు, ఆపరేషన్ అక్కర్లేదు. పుట్టుకతో వచ్చే మెకెల్ డైవర్టికులం అనేది వేరే సంగతి, అది నూటికి ఇద్దరిలో ఉంటుంది, చిన్నపిల్లల్లో నొప్పి లేకుండా మోషన్లో రక్తం పడితే దాన్ని అనుమానిస్తారు.

అమ్మది బయటపడటానికే చాలా ఏళ్ళు పట్టింది. రెండు ఇడ్లీలు తిన్నా పొట్ట డ్రమ్ములా అయిపోయేది, కుర్చీలో వెనక్కి వాలి కుచ్చిళ్ళ దగ్గర చీర వదులు చేసుకునేది, గ్యాస్ అమ్మా గ్యాస్ అనేది, మేమూ అదే అనుకున్నాం. రోజూ పొద్దున పాంటోప్రజోల్, అదే కడుపులో యాసిడ్ తగ్గించే బిళ్ళ. తర్వాత అరికాళ్ళు మంటలు, నీరసం, మోషన్ జిడ్డుగా నీళ్ళల్లో తేలుతూ ఫ్లష్ చేసినా పోకపోవడం. హిమోగ్లోబిన్ 8 కి పడిపోయింది, బీ12 బాగా తక్కువ. ఎండోస్కోపీ నార్మల్, కొలనోస్కోపీ నార్మల్, మేము హమ్మయ్య అనుకున్నాం, కానీ ఆ రెండు గొట్టాలూ మధ్యలో ఉన్న చిన్నపేగు దాకా వెళ్ళవని మాకెవరూ చెప్పలేదు. చివరికి సీటీ ఎంటిరోగ్రఫీలో, అంటే చిన్నపేగు కనపడేలా తీసే సీటీ స్కాన్‌లో పట్టుకున్నారు. ఆ సంచుల్లో తిండి నిలవుండి బ్యాక్టీరియా పెరుగుతుంది, మనకి అందాల్సిన బీ12 అవి తినేస్తాయి, అందుకే ఆ మంటలూ ఆ నీరసమూ. రిఫాక్సిమిన్ అనే యాంటిబయాటిక్ 14 రోజులు, బీ12 ఇంజెక్షన్లు, అంతే, మనిషి మళ్ళీ లేచి తిరిగింది.

అందుకే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. హిమోగ్లోబిన్, బీ12, కిడ్నీల కోసం క్రియాటినిన్ చూపించండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకీ ఏళ్ళతరబడి పాంటోప్రజోల్ వేసుకునేవాళ్ళకీ బీ12 ఇంకా తగ్గొచ్చు. కడుపు ఉబ్బరం మళ్ళీ మొదలైతే బ్రెత్ టెస్ట్, అంటే చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగిందేమో ఊపిరిని బట్టి చూసే పరీక్ష, ఇక్కడే చేయించుకోండి, దానికి ముందు నాలుగు వారాలు యాంటిబయాటిక్ వాడి ఉండకూడదు, ముందురోజు రాత్రి తెల్లన్నం తప్ప పప్పు, పాలు, పండ్లు వద్దు, అందుకే ఆఖరి వారంలో పరిగెత్తితే కుదరదు. క్యాప్సూల్ ఎండోస్కోపీ, అంటే కెమెరా ఉన్న బిళ్ళ మింగించే పరీక్ష, చెప్తే మాత్రం సంచులున్న సంగతి ముందే చెప్పాలి, క్యాప్సూల్ లోపలే ఇరుక్కోవచ్చు, అది బయటికొచ్చిందని తేలేదాకా ఎంఆర్ఐ చేయకూడదు. డుయోడినంలో సంచి ఉన్నవాళ్ళకి పిత్తనాళంలో రాళ్ళు, కామెర్లు రావచ్చు, ఈఆర్‌సీపీ, అంటే నోట్లోంచి గొట్టం వేసి పిత్తనాళంలో రాళ్ళు తీసే పని, చేయాల్సొస్తే ఆ డాక్టర్‌కి ఇది ముందే తెలియాలి, సంచి పక్కనే నాళం నోరు ఉంటే పని కష్టమవుతుంది.

అన్నిటికన్నా నేను భయపడేది మోకాళ్ళ నొప్పి బిళ్ళలకి. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఈ సంచుల్లో రక్తస్రావానికీ, చిల్లు పడటానికీ దారితీయొచ్చు. మన దగ్గర మెడికల్ షాపులో కత్తెరతో కోసి నాలుగు బిళ్ళల ముక్క చేతిలో పెడతారు, దాని మీద సగం పేరే ఉంటుంది, అది పారాసిటమాల్ అనుకుని అమ్మ పర్సులో దాచుకున్న దాంట్లో ఏసిక్లోఫెనాక్ కూడా ఉంది. పర్సు మొత్తం మంచం మీద గుమ్మరించి చూడండి, నేను అలాగే చూశా. అక్కడ ఐబుప్రొఫెన్ సూపర్‌మార్కెట్లో కూడా దొరుకుతుంది, తమ్ముడి భార్యకి కూడా ఫోన్ చేసి చెప్పా. గుండెకి వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం సొంతంగా ఆపకండి, గుండె డాక్టర్‌ని అడగండి.

ఇన్సూరెన్సు కాగితం చదవండి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో పాత జబ్బులకి చాలావరకు డబ్బు ఇవ్వరు, హఠాత్తుగా ముదిరితే కొంతవరకు ఇచ్చేవి ఉంటాయి, వయసుని బట్టి అది కూడా మారుతుంది. యాంటిబయాటిక్స్, బీ12 ఇంజెక్షన్లు అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు, కాబట్టి మందులు (మామూలుగా మూడు నెలలకి సరిపడా దాకానే తీసుకెళ్ళనిస్తారు), జెనరిక్ పేరుతో డాక్టర్ టైప్ చేసిచ్చిన ప్రిస్క్రిప్షన్, రెండూ హ్యాండ్ బ్యాగులోనే పెట్టండి. ఈమధ్యే సంచులు వాచి ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్ళు డాక్టర్ సరే అనకుండా టికెట్ కొనొద్దు.

విమానం పైకెళ్ళాక కేబిన్లో ఒత్తిడి తగ్గి కడుపులో గ్యాస్ వ్యాకోచిస్తుంది, అందుకే ముందురోజు శనగలు, రాజ్మా, కూల్ డ్రింకులు వద్దు, మెత్తటి అన్నం పెసరపప్పు చాలు. పీచు ఎక్కువుండేవి, తేగలు, మునక్కాడ పిప్పి లాంటివి నమలకుండా మింగకూడదు, కట్టుడు పళ్ళున్నవాళ్ళు మరీ జాగ్రత్త, సంచిలో ముద్దకట్టి రాయిలా గట్టిపడి పేగుకి అడ్డం పడొచ్చు. అక్కడ చలికాలం ముందు పెర్సిమ్మన్ అనే నారింజరంగు పండ్లు వస్తాయి, అచ్చం టమాటాల్లా ఉంటాయి, అవి కడుపులో ముద్దకట్టడంలో పేరుమోసినవి, మానేస్తేనే మంచిది.

ఇక ఎప్పుడు ఆగకూడదో ఇంట్లో అందరికీ తెలియాలి. నొప్పి గంటగంటకీ పెరగడం, జ్వరంతో కడుపునొప్పి, వాంతులవుతూ పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోవడం, మోషన్ తారులా నల్లగా జిగటగా వాసనతో రావడం లేదా ఎర్రగా పడటం, లేస్తే కళ్ళు తిరగడం, వీటిల్లో ఏది కనపడినా ఈనో కలిపి ఇవ్వకుండా 911 కి ఫోన్ చేయాలి. ఐరన్ బిళ్ళలకి కూడా మోషన్ నల్లబడుతుంది, కానీ తారులా అంటుకోదు, అనుమానమొస్తే మాత్రం చూపించండి. షుగర్ ఉన్నవాళ్ళకీ స్టెరాయిడ్స్ వాడేవాళ్ళకీ పెద్దవాళ్ళకీ నొప్పి తక్కువగా తెలుస్తుంది, చిల్లు పడినా కొంచెం నొప్పిగా ఉందమ్మా అనే అంటారు, అమ్మలు అసలే చెప్పరు కదా, కొడుకు ఆఫీసు పాడవుతుందని. చిల్లు పడితేనో రక్తం ఆగకపోతేనో అప్పుడు ఆపరేషన్, ఆ పేగు ముక్క తీసి రెండు కొసలూ కలుపుతారు. చిన్నపాటి వాపుకి చాలాసార్లు తిండి ఆపి యాంటిబయాటిక్స్‌తోనే తగ్గిస్తారు.

ఎమర్జెన్సీలో డాక్టర్లు మొదట అపెండిక్సో అల్సరో అనుకుంటారు, ఎందుకంటే ఇది అరుదు. అందుకే ఆ కాగితం. జబ్బు పేరు ఇంగ్లీషులో, ఏ భాగంలో ఉన్నాయి, సీటీ తీసిన తేదీ, రోజువారీ మందులు, పడని మందులు, ఇక్కడి డాక్టర్ నంబరు. ఒక కాపీ పాస్‌పోర్టు కవర్లో, ఒకటి అమ్మ పర్సులో, ఫోటో తమ్ముడి ఫోన్లో. సీటీ రిపోర్టు ఒక్కటే కాకుండా స్కాన్ సీడీ కూడా అడిగి తీసుకోండి, మాకు ఇవ్వడానికి మూడు రోజులు తిప్పారు, అది కూడా ముందే చూసుకోండి.