నీతి తత్వశాస్త్రం, రాజకీయ తత్వశాస్త్రం: అధ్యాపక వృత్తిలోకి వెళ్ళదలచినవారికి

న్యాయం అంటే ఏమిటి, రాజ్యం చెప్పిన మాటకు పౌరుడు ఎందుకు కట్టుబడాలి, ఎక్కడో దూరదేశంలో ఆకలితో ఉన్న మనిషి పట్ల మనకు బాధ్యత ఉందా అన్న ప్రశ్నలను జీవితకాలపు పనిగా స్వీకరించాలనుకునే విద్యార్థులు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. డిగ్రీలో తత్వశాస్త్రం బోధించే కళాశాలలు మన దగ్గర బహు అరుదు కనుక వీరిలో ఎక్కువమంది ఇంజనీరింగు, న్యాయశాస్త్రం, బీఏ రాజనీతిశాస్త్రం చదివి ఇటు వస్తారు. దారి చెప్పేవారు దగ్గర్లో లేక వారు పోగొట్టుకునే సంవత్సరాలు చాలా విలువైనవి. అందుకే ఏ నిర్ణయం ముందు తీసుకోవాలో, దేనికి ఎంత శ్రమ పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట తేల్చుకోవలసింది ఏ శాఖలో చేరాలన్నది. మన విశ్వవిద్యాలయాల్లో ఈ ప్రశ్నలు రెండు చోట్ల బోధిస్తారు. తత్వశాస్త్ర శాఖలో అవి తర్కం, జ్ఞానమీమాంస (జ్ఞానం అంటే ఏమిటో పరిశీలించే శాస్త్రం), భారతీయ దర్శనాల పక్కన ఉంటాయి. రాజనీతిశాస్త్ర శాఖలో రాజకీయ సిద్ధాంతం అన్న పేరుతో, రాజ్యాంగం, ప్రభుత్వ వ్యవస్థ, అంతర్జాతీయ సంబంధాల పక్కన ఉంటాయి. చదివే పుస్తకాలు చాలావరకు ఒకటే అయినా ఉద్యోగ నియమాలు ఒకటి కావు. అధ్యాపక పోస్టులకు అర్హత నిర్ణయించే జాతీయ పరీక్ష యూజీసీ నెట్‌లో రాజనీతిశాస్త్రం 02, తత్వశాస్త్రం 03 సంఖ్యలతో వేర్వేరు సబ్జెక్టులు. నియామక ప్రకటన ఏ సబ్జెక్టులో వెలువడితే సాధారణంగా ఆ సబ్జెక్టులోనో, దానికి సంబంధించినదిగా గుర్తించిన సబ్జెక్టులోనో పీజీ ఉండాలని అడుగుతారు. ‘సంబంధించినది’ అన్న మాటకు ఎవరి వ్యాఖ్యానం వారిది. డిగ్రీ కళాశాలల్లో రాజనీతిశాస్త్ర పోస్టులు తత్వశాస్త్ర పోస్టులకంటే చాలా ఎక్కువ. ఐదేళ్ళ బీఏ ఎల్ఎల్‌బీ కోర్సులో రాజనీతిశాస్త్రం భాగం కనుక న్యాయ విశ్వవిద్యాలయాలకు కూడా ఆ అధ్యాపకులు అవసరం. కులం, ప్రజాస్వామ్యం, పౌరసత్వం వంటి విషయాలపై మనసున్నవారు ఉద్యోగావకాశాల దృష్ట్యా రాజనీతిశాస్త్రంలో ఎంఏ చేసి, తర్కాన్ని సొంతంగా నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. నైతిక వాక్యాలకు సత్యాసత్యాలు ఉంటాయా, కర్తవ్యం ఫలితం మీద ఆధారపడుతుందా అన్న ప్రశ్నలే అసలు ఆకర్షణ అయినవారు మాత్రం, పోస్టులు తక్కువని తెలిసే, తత్వశాస్త్రానికే వెళ్ళాలి.

మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో తత్వశాస్త్రం చదువుకోవచ్చు. కొత్త సచ్చిదానందమూర్తిగారు గుంటూరు జిల్లా గ్రామంనుంచి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు ఈ శాస్త్రాన్ని బోధించి, 2001లో పద్మవిభూషణ్ అందుకున్నారు. రాష్ట్రం బయట ఢిల్లీ విశ్వవిద్యాలయం, జేఎన్‌యూ ఉన్నాయి. బొంబాయి, మద్రాసు, కాన్పూర్ ఐఐటీల మానవీయశాస్త్ర విభాగాల్లోనూ ఈ రంగంలో పరిశోధన చేయవచ్చు. సంస్థ పేరుకంటే అక్కడ ఇప్పుడు ఎవరు పనిచేస్తున్నారన్నదే ముఖ్యం. అధ్యాపకుల పేజీలు తెరిచి, గత ఐదారేళ్ళలో నీతి లేదా రాజకీయ తత్వశాస్త్రంలో వ్యాసాలు ప్రచురించినవారు ఉన్నారో లేదో చూడండి. ఒక్కరూ లేకపోతే ఆ శాఖ ఎంత ప్రసిద్ధమైనదైనా మీకు ఉపయోగపడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వృత్తిలో ప్రవేశం, ఫెలోషిప్పు, ప్రచురణ, ఉద్యోగం అన్నీ చివరికి ఒక్క సామర్థ్యం మీద ఆధారపడతాయి: ఒక వాదాన్ని స్పష్టంగా నిర్మించి, దానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరానికి నిజాయితీగా జవాబు రాయగలగడం. పరీక్షల కోసం తత్వవేత్తల అభిప్రాయాలను అంశాలవారీగా కంఠస్థం చేసే అలవాటు మనలో లోతుగా పాతుకుపోయింది. దాన్ని వదిలించుకోవడానికి ఎంఏ రెండేళ్ళూ పట్టినా ఆ కాలం వృథా కాదు.

చదవడంతో మొదలుపెట్టండి. తత్వవేత్త పీటర్ సింగర్ 1971లో తూర్పు బెంగాల్ శరణార్థుల దుస్థితిని చూసి రాసి, 1972లో ప్రచురించిన చిన్న వ్యాసం దీనికి చక్కగా పనికివస్తుంది. ఆకలి, ఆశ్రయం లేకపోవడం వల్ల కలిగే బాధ చెడ్డదని, అంతే నైతిక ప్రాముఖ్యం గలదాన్ని దేన్నీ వదులుకోకుండా ఒక చెడును నివారించగలిగినప్పుడు నివారించి తీరాలని, ఇందులో దూరానికి విలువ లేదని ఆయన వాదిస్తాడు. మొదటి పఠనంలో వ్యాసం మొత్తం చదివి, రెండోసారి ఈ ప్రతిపాదనలను వరుస సంఖ్యలతో కాగితం మీద రాసుకోండి. మూడోసారి వాటిలో ఏది తప్పయితే ముగింపు కూలిపోతుందో వెతకండి. న్యాయం అంటే ఏమిటన్న ప్రశ్నపై జాన్ రాల్స్ 1971లో ప్రచురించిన గ్రంథాన్నీ, దానికి రాబర్ట్ నోజిక్ 1974లో ఇచ్చిన సమాధానాన్నీ, ఏ విషయంలో సమానత్వం కావాలని అమర్త్యసేన్ 1979లో వేసిన ప్రశ్ననూ ఇదే పద్ధతిలో చదవాలి. కులనిర్మూలనపై 1936లో అంబేద్కర్ సిద్ధం చేసిన ఉపన్యాసాన్ని కూడా వాదంగా, ప్రతిపాదన తర్వాత ప్రతిపాదనగా చదవండి. దాన్ని చారిత్రక పత్రంగా మాత్రమే గౌరవించి పక్కన పెట్టడం ఆయనకు అన్యాయం చేయడమే. పుస్తకాలు కొనలేనివారికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1995 నుంచి ఉచితంగా అందిస్తున్న తత్వశాస్త్ర విజ్ఞానసర్వస్వం గొప్ప ఆసరా.

రాయడానికి విషయం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఎస్సీ వర్గీకరణనే తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో షెడ్యూల్డు కులాలను నాలుగు వర్గాలుగా విభజిస్తూ చట్టం చేసింది. ఈవీ చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు 2004లో దాన్ని కొట్టివేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో రాష్ట్రాలు ఉపవర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. న్యాయవాది దీనిలో షెడ్యూల్డు కులాల జాబితాకు సంబంధించిన రాజ్యాంగం 341వ అధికరణ అర్థాన్ని చూస్తాడు. సామాజికశాస్త్రవేత్త ఏ కులానికి ఎన్ని ఉద్యోగాలు దక్కాయో లెక్క తీస్తాడు. తత్వశాస్త్ర విద్యార్థి అడగవలసింది వేరు: అసలు రిజర్వేషన్‌ను ఏ నైతిక కారణం సమర్థిస్తుంది? అది గతంలో జరిగిన అన్యాయానికి పరిహారమైతే, అంటరానితనం షెడ్యూల్డు కులాలన్నిటినీ గాయపరిచింది కనుక వాటన్నిటి హక్కూ ఒకటే అనవచ్చు. నేటి అవకాశాల్లో సమానత్వం కోసమైతే, జాబితా లోపల వెనుకబడినవారికి ప్రయోజనం చేరని ఏర్పాటు తన లక్ష్యాన్నే నెరవేర్చడం లేదు. అధికార పీఠాల్లో ప్రాతినిధ్యం కోసమైతే, ఎవరు ఎవరికి ప్రాతినిధ్యం వహించగలరన్న మరో ప్రశ్న పుడుతుంది. అంతరం ఉండడమే చెడ్డదా, లేక అందరికంటే అట్టడుగున ఉన్నవారి మేలుకు ఎక్కువ బరువు ఇవ్వాలా అన్న తేడాను తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1991లో కాన్సస్ విశ్వవిద్యాలయ ఉపన్యాసంలో వివరించాడు. ఆ తేడా ఈ వివాదానికి సూటిగా వర్తిస్తుంది.

ఇన్ని దారులు కనిపించాక వాటిలో ఒక్కటే ఎంచుకోవాలి. ఉదాహరణకు, అవకాశ సమానత్వమే రిజర్వేషన్‌కు ప్రధాన సమర్థన అయితే ఉపవర్గీకరణ అనుమతించదగినది మాత్రమే కాదు, తప్పనిసరి కర్తవ్యం అని మీరు వాదిస్తున్నారనుకోండి. విభజన వల్ల అణగారినవారి ఐక్యత దెబ్బతింటుందన్నది దానికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం. అది నైతిక కారణమా, ఎత్తుగడకు సంబంధించిన హెచ్చరిక మాత్రమేనా? ఈ ఒక్క మెలికను ఇరవై పేజీల్లో విప్పగలిగితే, దేశంలోనైనా విదేశంలోనైనా దరఖాస్తుతో జతచేయదగిన వ్యాసం మీ చేతిలో ఉన్నట్టే. ప్రత్యర్థి పక్షాన్ని ఆ పక్షంవారే మెచ్చుకునేంత బలంగా చెప్పడం ఇక్కడ పరీక్ష. వ్యాసాన్ని మీతో ఏకీభవించని ఇద్దరికి చూపించి, వారి ప్రశ్నలకు జవాబు కుదిరేవరకు తిరగరాయండి.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇంగ్లీషు రాత గురించి భయం సహజం. తత్వశాస్త్రం కోరేది అలంకారాలు లేని చిన్న వాక్యాలే కనుక ఈ లోటును రెండేళ్ళ నిత్యసాధనతో పూడ్చవచ్చు. వాదం తెలుగులో ముందు రాసుకుని సరిచూసుకోవడం మంచి అభ్యాసం. వాదంలోని తప్పు మాతృభాషలో త్వరగా పట్టుబడుతుంది.

నెట్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్షలో రెండు పేపర్లు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఈ పరీక్ష ద్వారా పరిశోధకులకు దక్కే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు (జేఆర్ఎఫ్)కు వయోపరిమితి 30 ఏళ్ళు, మహిళలకు, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంటుంది. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ మొత్తం నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో జేఆర్ఎఫ్ రాని పరిశోధకులకు ఇచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్పు నెలకు 8,000 మాత్రమే అని గుర్తుంచుకుంటే, ఇంటినుంచి డబ్బు తెప్పించుకోలేని విద్యార్థికి జేఆర్ఎఫ్ ఎందుకు ప్రాణాధారమో అర్థమవుతుంది. కనుక ఎంఏ రెండో ఏడాదిలోనే పరీక్ష రాయండి. 2024 నుంచి నెట్ మార్కులను పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా వాడుతున్నారు. నెట్ లాంటిదే అయిన రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్‌లో అర్హత అధ్యాపక పోస్టులకు పనికివస్తుంది కాని ఫెలోషిప్పు ఇవ్వదు.

పీహెచ్‌డీకి నియమాల ప్రకారం కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. గైడ్‌ను ఎంచుకునే ముందు ఆయన లేదా ఆమె దగ్గర ఇప్పుడు పనిచేస్తున్న విద్యార్థులతో మాట్లాడి, అధ్యాయాలు చదివి వ్యాఖ్యలు రాసి ఇస్తారా, ఎంత కాలంలో ఇస్తారు అని అడగండి. ఎంత పేరున్న గైడ్ అయినా మీ రాతప్రతి చదవకపోతే ప్రయోజనం లేదు. భారతీయ తత్వశాస్త్ర పరిశోధనా మండలి ఫెలోషిప్పుల ప్రకటనలను కూడా గమనిస్తూ ఉండండి.

విదేశాలకు వెళ్ళదలచినవారు రెండు పద్ధతుల తేడా తెలుసుకోవాలి. అమెరికా పీహెచ్‌డీ సాధారణంగా ఐదారేళ్ళది; మంచి శాఖలు ఫీజు మాఫీ చేసి, బోధనలో సహాయానికి ప్రతిగా స్టైపెండ్ ఇస్తాయి. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది. సీటు వచ్చినవారు ఏప్రిల్ 15లోగా తమ నిర్ణయం చెప్పాలి. అక్కడ అధ్యాపకుల కమిటీ అందరి దరఖాస్తులనూ కలిపి చూస్తుంది కనుక ప్రొఫెసర్లకు ముందుగా ఉత్తరాలు రాయడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. వ్యాస నమూనా, మూడు సిఫారసు లేఖలు కీలకం. బ్రిటన్‌లో పీహెచ్‌డీ మూడు నాలుగేళ్ళది, పరిశోధన ప్రతిపాదన, గైడ్ సమ్మతి ముఖ్యం, ఆర్థిక సహాయం మాత్రం వేరుగా సంపాదించుకోవాలి. సహాయం లేకుండా అప్పు చేసి తత్వశాస్త్రంలో పీహెచ్‌డీకి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. చదువు పూర్తయ్యాక ఉద్యోగం దొరకడం అక్కడ కూడా చాలా కష్టం, ఏడాదికో ఊరు మారే తాత్కాలిక పోస్టులే చాలామందికి దక్కుతాయి.

ప్రచురణ విషయంలో తొందర పనికిరాదు. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికల్లో వచ్చిన పది వ్యాసాలకంటే, రచయిత పేరు దాచి నిపుణులు పరిశీలించే పత్రికలో వచ్చిన ఒక్క వ్యాసం మీ పేరును ఎక్కువకాలం నిలబెడుతుంది. ఈ రంగపు పత్రికల్లో పెద్ద మార్పులు జరుగుతున్నాయి. ఫిలాసఫీ అండ్ పబ్లిక్ అఫైర్స్ అన్న పత్రిక సంపాదకులు 2024లో ప్రచురణ సంస్థతో విభేదించి మూకుమ్మడిగా రాజీనామా చేసి, అందరూ ఉచితంగా చదవగల కొత్త పత్రికను ప్రారంభించారు. తిరస్కరణ లేఖ ఈ వృత్తిలో అందరికీ వస్తుంది. దానితో వచ్చిన పరిశీలకుల వ్యాఖ్యలు పనికొచ్చేవైతే సవరించి, నెల తిరగకుండా మరో పత్రికకు పంపండి.

పీహెచ్‌డీ చివరి రెండేళ్ళలోనే బోధన అనుభవం కూడగట్టుకోవాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం యూజీసీ స్కేలులో 57,700 రూపాయలు. అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ళ తరబడి ఆగిపోవడం మామూలే కనుక గెస్టు, కాంట్రాక్టు కొలువుల కాలాన్ని ముందే లెక్కలోకి తీసుకుని, ఇంట్లోవారికి కూడా ఆ మాట స్పష్టంగా చెప్పండి. 2023 సవరణ ప్రకారం నెట్ లేదా సెట్ ఉంటే పీహెచ్‌డీ లేకపోయినా దరఖాస్తు చేయవచ్చు, కాని విశ్వవిద్యాలయాల షార్ట్‌లిస్టులో పీహెచ్‌డీకి వెయిటేజీ ఎక్కువ. ఇంటర్వ్యూలో మీ సిద్ధాంత వ్యాసం సారాంశాన్ని రెండు నిమిషాల్లో, ఆ విషయం తెలియనివారికి కూడా అర్థమయ్యేలా చెప్పమంటారు. డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు న్యాయం గురించి పాఠం ఎలా మొదలుపెడతారని అడుగుతారు. రెండింటికీ జవాబులు ముందే రాసి, తత్వశాస్త్రం చదవని స్నేహితుడి ముందు బిగ్గరగా చెప్పి చూసుకోండి.