గరప నేలలో మొక్క బతకాలంటే వ్యామ్ నర్సరీ కవర్లోనే పట్టాలి

అనంతపురం వైపు గుట్టల అంచున గరప నేలలో సీతాఫలం, ఉసిరి, చింత పెట్టాలని మా నర్సరీకి వచ్చే రైతులు ముందుగా అడిగేది డ్రిప్ గురించి. నేను వేరు గురించి మొదలుపెడతాను. అక్కడ పైన జానెడు మట్టి, కింద రాయి. భాస్వరం ఉన్నా ఉన్నచోటు నుంచి కదలదు. వేరు తన చుట్టూ ఉన్నది లాక్కున్నాక ఇక దొరకదు. వ్యామ్ (వెసిక్యులర్ ఆర్బస్క్యులర్ మైకోరైజా) అనే మేలుచేసే శిలీంధ్రం వేరు కణాల్లోనే కాపురం పెట్టి, వెంట్రుక కంటే ఎంతో సన్నని పోగుల్ని వేరు దూరలేని సందుల్లోకి పంపుతుంది. భాస్వరం, జింకు, కొంత తేమ మోసుకొస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది.

మొక్క ఎక్కడ బతకగలదో దాన్నే లోపలి శిలీంధ్రం మార్చేయగలదని నాకు గట్టి నమ్మకం. అమెరికాలోని ఎల్లోస్టోన్‌లో వేడి నేలల్లో ఒక గడ్డి పెరుగుతుంది. దాని లోపల ఉండేది కర్వులేరియా అనే వేరే శిలీంధ్రం, వ్యామ్ కాదు. విడదీస్తే 38 డిగ్రీలు దాటాక గడ్డి, శిలీంధ్రం రెండూ నిలవలేదు. కలిసి ఉంటే 65 డిగ్రీల మట్టి వేడిని తట్టుకున్నాయని 2002లో చూపించారు. ఆ శిలీంధ్రంలో ఒక వైరస్ కూడా ఉంటేనే ఇది సాధ్యమని 2007లో తేలింది!

ఇక పని. వ్యామ్‌ను సీసాలో ఒంటరిగా పెంచలేం, బతికున్న వేరు కావాలి. అందుకే మొక్కజొన్న వేస్తాం. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి నల్ల పాలిథీన్ పరచండి. 50 కిలోల వర్మిక్యులైట్ (తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజం), 5 కిలోల శుభ్రమైన మట్టి కలిపి 20 సెంటీమీటర్ల ఎత్తు నింపండి. మట్టిని ఎండాకాలంలో తడిపి, ఎండ లోపలికి దిగే పారదర్శక పాలిథీన్ కప్పి నాలుగైదు వారాలు ఎండలో ఉంచితే చాలావరకు తెగుళ్లు పోతాయి. కిలో వ్యామ్ మూలం (తోడుగా వేసే సిద్ధం చేసిన వ్యామ్) తెచ్చి, పైనుంచి 2 నుంచి 5 సెంటీమీటర్ల లోతులో పరిచి, దానిపై మొక్కజొన్న గింజలు వేయండి. షాపులో రంగు పూసి అమ్మే విత్తనం వద్దు, ఆ రంగులో శిలీంధ్రనాశిని ఉంటుంది. వేసేటప్పుడు గుంతకు యూరియా 2 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 2 గ్రాములు, పొటాష్ 1 గ్రాము చాలు. 30, 45 రోజులకు పది గ్రాముల చొప్పున యూరియా. భాస్వరం ఎక్కువైతే మొక్కకు శిలీంధ్రంతో అవసరం ఉండదు, లోపలికి రానివ్వదు. 60 రోజులకు పైమొక్క కోసేసి, వేళ్లను ముక్కలు చేసి ఆ మట్టిలోనే కలిపేయండి. దాదాపు 55 కిలోలు వస్తుంది. కవరుకు 5 గ్రాముల లెక్కన 11,000 మొక్కలకు సరిపోతుంది. నీడలో, కొంచెం తడిగా ఉంచండి.

కవర్లో గింజకు రెండు మూడు సెంటీమీటర్ల కింద వేయాలి. పైన చల్లితే వేరుకు తగలదు. పట్టిందో లేదో కంటికి కనిపించదు. సన్నవేళ్లు కొన్ని కోసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడాల్సిందే. మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

కార్బెండాజిమ్ అనే శిలీంధ్రనాశినిని మట్టిలో పోయకండి. కవరు మట్టిలో భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు కలపకండి. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ జాతికి వ్యామ్ పట్టదు, వాటికి వేసి డబ్బు పోగొట్టుకోవద్దు. జొన్న, సజ్జ, కంది, వేరుశనగకు బాగా పడుతుంది. సీతాఫలం సాళ్ల మధ్య అవి వేస్తే పోగులు బతికే ఉంటాయి.

నాటే రోజు కవరు చింపేటప్పుడు మట్టిముద్ద విరగకూడదు, బయటి పోగులు తెగుతాయి. కవర్లో వేయని మొక్కలైతే గుంతకు 20 గ్రాములు, ఎదిగిన చెట్టుకైతే పాదులో సన్నవేళ్లు కనిపించేదాకా తవ్వి 200 గ్రాములు వేసి మట్టి కప్పండి. తొలకరికి ముందు కాదు, నేల బాగా తడిశాకే.